అద్దమా, దీపమా: ఒక మూలం, నాలుగు తెరలు

శ్రీరామనవమి నాడు అభిజిత్ లగ్నంలో భద్రాచలంలో జరిగే సీతారామ కల్యాణాన్ని ఊరూరా మండపాల్లో, సత్రాల్లో, చలువ పందిళ్లలో టీవీల మీద చూడటం తెలుగునాట స్థిరపడిన ఆచారం. మండపం విశాలమైనదైతే ఒక్క తెర చాలదు కనుక నాలుగు స్తంభాలకు నాలుగు టీవీలు బిగించి, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు ఒకటి మూలన ఉంచి, దాని నుంచే నాలుగింటికీ ప్రత్యక్ష ప్రసారాన్ని అందించడం ఇప్పుడు ఏ మాత్రం కష్టం కాని పని. ఆ నాలుగు తెరల మీదా ముత్యాల తలంబ్రాలు ఏకకాలంలో రాలుతాయి, నాలుగింటిలోనూ సీతమ్మ మెడలో మాంగల్యం పడుతుంది. అయినా అక్కడ నాలుగు కల్యాణాలు జరిగాయని ఎవరూ అనరు. ఎవరూ అనకపోవడం వేరు, ఎందుకు అనకూడదో తెలియడం వేరు. కనిపించినవి నాలుగు కాగా జరిగింది ఒక్కటే అనడానికి ఆధారమేమిటి, తెర ముందు చేతులు జోడించినవారు నమస్కరించింది గాజు పలకకా, భద్రాచలంలోని మూర్తికా, ఆ మూర్తి ద్వారా భాసించే తత్త్వానికా అన్న ప్రశ్నలు యంత్రం వల్ల పుట్టినవి కావు. వేదాంతం వీటినే నీటిని, చంద్రుణ్ణి, కుండను, ఆకాశాన్ని, అద్దాన్ని, ముఖాన్ని ఉదాహరణలుగా తీసుకుని వెయ్యేళ్లకు పైగా చర్చించింది.

ఉపమానం స్వభావం తెలియకుండా ఉపమేయం మీద తీర్పు చెప్పడం దోషం కాబట్టి, ముందుగా ఆ యంత్రం చేసే పనిని ఉన్నదున్నట్టు గమనించాలి. కంప్యూటరు నుంచి బయలుదేరే హెచ్‌డీఎంఐ కేబులు, అంటే దృశ్యాన్నీ శబ్దాన్నీ అంకెల రూపంలో కలిపి మోసే తీగ, స్ప్లిటర్ అనే చిన్న డబ్బాలోకి చేరుతుంది. పేరుకు చీల్చేదే అయినా స్ప్లిటర్ దేన్నీ చీల్చదు. లోపలికి వచ్చిన సంకేతాన్ని గ్రహించి, దానికి మళ్లీ బలం చేకూర్చి, ప్రతి ద్వారం గుండా సంపూర్ణంగా పంపుతుంది. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలతో సెకనుకు 60 చిత్రాలు చూపే తెరకు ఒక్క సెకనులో అందవలసిన రంగుల సమాచారం దాదాపు 300 కోట్ల బిట్లు, బిట్టు అంటే సున్నానో ఒకటో తెలిపే అతి చిన్న ప్రమాణం. రెండో టీవీ కలిపినా, నాలుగోది కలిపినా ఏ తెరకూ అందులో ఒక్క బిట్టు తగ్గదు. కాలువ నీటిని నాలుగు మడులకు పారిస్తే ఒక్కో మడికి దక్కేది పావు వంతే. ద్రవ్యం పంచితే తరుగుతుంది, రూపం పంచితే తరగదు. ఒకటి అనేకంగా కనిపించాలంటే అది ముక్కలు కావాలన్న లౌకిక భావన ఎంత బలహీనమైనదో ఈ చిన్న డబ్బా ప్రతిరోజూ చూపిస్తూనే ఉంది.

నాలుగు తెరల మీది రూపం ఒక్కటే అయినా అది కనిపించే తీరు ఒక్కటి కాదు. ఒక టీవీలో రంగులు గాఢంగా ఉంచితే స్వామి పట్టువస్త్రం నిప్పు రంగు తిరుగుతుంది, పాతబడిన మరో టీవీలో అదే వస్త్రం వెలిసినట్టుంటుంది, మూడోదాని అంచులు కత్తిరించుకుపోయి ఛత్రం కొస కనిపించదు. ఇందులో ఏ లోపమూ భద్రాచలానికి చేరదు. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం రెండో పాదంలో పద్దెనిమిదో సూత్రం జలంలోని సూర్య ప్రతిబింబాన్ని ఉపమానంగా తెస్తుంది. ఇరవయ్యో సూత్రానికి శంకరుల వివరణ ఏమంటే, నీరు పెరిగితే ప్రతిబింబం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, కదిలితే కదులుతుంది, సూర్యునిలో మాత్రం ఏ మార్పూ లేదు. ఇలా తన ధర్మాన్ని మరొకదాని మీద ఆరోపించే ఆశ్రయానికి వేదాంతంలో ఉపాధి అని పేరు. ఆ అర్థంలో ప్రతి టీవీ ఒక ఉపాధి. ఈ రెండు సూత్రాల నడుమ పందొమ్మిదోది లేవనెత్తే ఆక్షేపణ కూడా ఇక్కడ మరువరానిది: సూర్యుడు ఒకచోట, నీరు దూరాన మరొకచోట ఉన్నాయి గనుక ప్రతిబింబం ఏర్పడుతుంది, అంతటా వ్యాపించిన ఆత్మకు దూరమన్నదే లేనప్పుడు ఈ పోలిక ఎలా పొసగుతుందని ఆ సూత్రం ప్రశ్నిస్తుంది. పోలిక ఏ అంశం కోసం చెప్పబడిందో ఆ అంశం వరకే దాన్ని గ్రహించాలన్నది సమాధానం. టీవీలతో వేదాంతాన్ని పోల్చే ఏ వ్యాసమైనా ఈ హద్దును దాటకూడదు.

ప్రతిబింబం సత్యమా, అసత్యమా అన్న చోట అద్వైతులలోనే రెండు దారులు ఏర్పడ్డాయి. పద్మపాదుల పంచపాదికను, దాని మీద ప్రకాశాత్మ యతి రాసిన వివరణాన్ని అనుసరించేవారి మతంలో అద్దంలోని ముఖం మెడ మీది ముఖమే. అద్దంలో ఉండటం, ఎదురుగా తిరిగి ఉండటం అన్నవి మాత్రమే భ్రాంతి. కంటి నుంచి వెలువడిన కిరణాలు అద్దానికి తగిలి వెనుదిరిగి అసలు ముఖాన్నే గ్రహిస్తాయని వారి ఉపపత్తి. సురేశ్వరుల దారిలో నడిచే ఆభాసవాదులు దీన్ని ఒప్పుకోరు. వారి దృష్టిలో ప్రతిబింబం బింబమని గాని, బింబం కాదని గాని నిర్వచించడానికి వీలుకాని మిథ్యావస్తువు. చూడటానికి ఇది పండితుల సూక్ష్మ వివాదంలా ఉంటుంది గాని, తెరకు నమస్కరించే సామాన్య భక్తుని స్థితి పూర్తిగా దీని మీదే ఆధారపడి ఉంది. వివరణ మతం నిజమైతే అతడు చూసింది స్వామినే, చోటు విషయంలో మాత్రమే పొరబడ్డాడు; ఆభాస మతం నిజమైతే అతడు చూసింది స్వామిని గుర్తుచేసే ఒక నీడను.

ఈ సందిగ్ధంలో శాస్త్రం కంటే ఒక ఆలయాచారం ఎక్కువ వెలుగునిస్తుంది. తెలుగు యాత్రికులకు తరతరాలుగా సుపరిచితమైన పూరీ క్షేత్రంలో జగన్నాథ, బలభద్ర, సుభద్రల మూర్తులు దారుమయాలు, రంగులు పూసినవి; నిత్యం అభిషేకిస్తే నిలవవు. అందుచేత ప్రతి ఉదయం జరిగే అవకాశ సేవలో, అంటే దంతధావన స్నానాది ఉపచారాలలో, మూర్తుల ఎదుట అద్దాలు ఉంచి, వాటిలో పడిన ప్రతిబింబాలకే స్నానం చేయిస్తారు. నీరు తగిలేది అద్దానికి. స్నానం అందేది స్వామికి. ప్రతిబింబానికి చేసిన సేవ బింబానికి చెందుతుందని ఇంతకంటే స్పష్టంగా ఏ భాష్యమూ చెప్పలేదేమో. అయితే ఆ సేవలో ఒక నియమం చెప్పకుండానే ఇమిడి ఉంది: మూర్తి అద్దానికి ఎదురుగా ఉండాలి. గర్భాలయం తలుపు మూసి, నిన్న అద్దంలో పడిన ప్రతిబింబానికి ఈ రోజు నీరు పోయడం ఎవరికీ తోచదు. బింబం ఎదుట ఉన్నంతసేపే అద్దానికి అధికారం.

ఆ నియమాన్ని మండపంలోని తెరలకు అన్వయిస్తే, ప్రత్యక్ష ప్రసారానికీ రికార్డింగుకూ నడుమ సాధారణంగా ఎవరూ పట్టించుకోని భేదం తత్త్వతః చాలా పెద్దదని తేలుతుంది. భద్రాచలంలో కల్యాణం జరుగుతుండగా దాన్ని చూపే తెర దూరాన నిలిపిన అద్దం. నిరుడు జరిగిన కల్యాణాన్ని చూపే తెర అద్దం కాదు, అది చిత్రపటం. కంటికి రెండూ ఒకటే కావచ్చు, స్ప్లిటర్‌కు ఆ భేదమే తెలియకపోవచ్చు, కాని లగ్నం అనేది ఒకటి ఉందని నమ్మే సంప్రదాయం వాటిని ఒకే గాటన కట్టలేదు. చిత్రపటం పూజ్యం కాదని దీనర్థం కాదు. తెలుగిళ్లలో దేవుని గూటిలో ఉండేవి చాలావరకు పటాలే. ఏది ఏదో తెలిసి పూజించడమే ఇక్కడ కోరదగినది.

ప్రత్యక్షం అన్న మాటను కూడా కొంత పరీక్షించాలి. ఇంటర్నెట్ ద్వారా వచ్చే ప్రసారాన్ని కొన్నేసి సెకన్ల తునకలుగా కోసి, ఒక్కో తునకను దూరంలోని యంత్రాల్లో నిలవచేసి, చూసే పరికరం అడిగినప్పుడు పంపుతారు. పరికరం కూడా దారిలో ఆటంకం వచ్చినా బొమ్మ ఆగకుండా ఉండేందుకు కొంత ముందుగా నింపుకుని ఆ తర్వాతే చూపుతుంది. ఫలితంగా భద్రాచలంలో జీలకర్ర బెల్లం పెట్టిన క్షణానికీ తెర మీద పెట్టిన క్షణానికీ అర నిమిషం వరకు తేడా రావచ్చు. ఇంతకంటే వింత ఏమిటంటే, నాలుగు టీవీలూ వేటికవే ఇంటర్నెట్‌కు తగులుకుని విడివిడిగా ప్రసారాన్ని తెచ్చుకుంటే, ఒక స్తంభం మీద మంగళవాద్యం మోగుతుండగా మరో స్తంభం మీద పురోహితుడు ఇంకా మహాసంకల్పం చెబుతూనే ఉంటాడు. ఒకే చిన్న కంప్యూటరు నుంచి నాలుగింటికీ తీగలు లాగినప్పుడు మాత్రం ఈ చెదురు పోతుంది. ఒక్కో టీవీ తనలో తాను చిత్రాన్ని సవరించుకునే వ్యవధిలో ఉండే సెకనులో అతి స్వల్ప భాగం తప్ప భేదం మిగలదు. ఆ స్వల్ప భేదాన్ని కన్ను పట్టుకోలేదు గాని చెవి పట్టుకుంటుంది. నాలుగు టీవీల శబ్దాన్నీ ఒకేసారి పెంచితే మంత్రాక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ప్రతిధ్వనిస్తాయి, స్వరం ప్రధానమైన వేదపాఠం బురదగా మారుతుంది. అందుకే తెలిసినవారు టీవీల శబ్దం తగ్గించి, ఒక్కచోట నుంచే స్పీకరుకు శబ్దాన్ని తీసుకుంటారు.

మూలం ఒకటైతే కాలం ఒకటవుతుందన్నది ఇక్కడ గ్రహించదగిన విషయం. అనేకత్వం సంఖ్యలో మాత్రమే ఉందా, కాలంలో కూడా ఉందా అన్న విభాగాన్ని పాత ఉపమానాలు అంత తేటగా చూపలేవు, ఎందుకంటే నాలుగు కుండల నీటిలోని నలుగురు సూర్యులు ఎప్పుడూ ఒకే క్షణానికి చెందినవారుగా కనిపిస్తారు. వెలుతురు కూడా సూర్యుని నుంచి భూమికి రావడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుందని తెలిసిన తరువాత, ఏ దర్శనమూ అచ్చంగా తక్షణం కాదని, ఆలస్యం ఉన్నంత మాత్రాన అద్దం అద్దం కాకుండా పోదని ఒప్పుకోక తప్పదు. ఆలస్యం వేరు, విచ్ఛేదం వేరు. అర నిమిషం వెనుకబడిన ప్రసారానికి బింబంతో బంధం తెగలేదు; నిరుటి రికార్డింగుకు తెగింది.

ఇంతవరకు చెప్పినది అద్దం సంగతి. ఆగమశాస్త్రం ఒకటి అనేకమయ్యే మరో విధానాన్ని ఎరుగును, దాని ఉపమానం దీపం. వైఖానస ఆగమం ప్రకారం అర్చన జరిగే తిరుమలలో మూలమూర్తికి ధ్రువబేరమని పేరు. ధ్రువం అంటే కదలనిది, బేరం అంటే అర్చామూర్తి. దానితో పాటు నిత్యార్చనకు, ఏకాంతసేవకు కౌతుకబేరమైన భోగ శ్రీనివాసమూర్తి, కొలువుకు బలిబేరమైన కొలువు శ్రీనివాసమూర్తి, స్నపనబేరంగా చెప్పబడే ఉగ్ర శ్రీనివాసమూర్తి, ఊరేగింపులకు ఉత్సవబేరమైన మలయప్పస్వామి ఉన్నారు. ఒక దీపం నుంచి మరో దీపాన్ని వెలిగించినట్టు ధ్రువబేరంలోని శక్తిని మంత్రపూర్వకంగా తక్కిన మూర్తులలోకి ఆవాహన చేస్తారు. మొదటి దీపం తరగదు, రెండోది దానికి ప్రతిబింబం కాదు, అది కూడా దీపమే. పల్లవ వంశపు సామవై సమర్పించిన వెండి మూర్తి అయిన భోగ శ్రీనివాసునికీ, మూలమూర్తికీ నడుమ పట్టుదారంతో సంబంధం ఎల్లప్పుడూ నిలిపి ఉంచుతారు. కంప్యూటరుకూ టీవీకీ నడుమ తీగను చూసినవారికి ఆ దారం గుర్తుకు రావడం సహజమే, కాని ఆ రెంటి స్వభావమూ ఒకటి కాదు. కేబులు లాగేస్తే తెర నల్లబడుతుంది. దారం అందని మలయప్పస్వామి మాడవీధుల్లో వాహనం మీద విహరిస్తున్నప్పుడు సాన్నిధ్యం ఏ మాత్రం తగ్గదు. తెర మూలాన్ని వదిలి ఒక్క క్షణం నిలవలేదు, ఉత్సవమూర్తి మూలాన్ని వదిలి ఊరంతా తిరిగి రాగలదు. సాన్నిధ్యం ప్రతిష్ఠ వల్ల కలుగుతుంది, సంకేతం వల్ల కాదు; టీవీకి ప్రతిష్ఠ లేదు, ఉండనవసరమూ లేదు.

ఈ సందర్భంలో తిరుమల పాటించే ఒక మర్యాద చాలా ఆలోచింపజేస్తుంది. 2008లో మొదలైన శ్రీ వేంకటేశ్వర భక్తి చానెల్ నిత్య కల్యాణోత్సవాన్ని, వాహనసేవలను ప్రసారం చేస్తుంది గాని గర్భాలయంలోని మూలమూర్తిని చూపదు. కెమెరాకు కనిపించేది మలయప్పస్వామి, అంటే లోపలికి రాలేనివారి కోసం తానే బయటికి వచ్చే మూర్తి. వృద్ధులు, రోగులు, నడవలేనివారు తమ ఇంటి అరుగు మీద నిలబడి స్వామిని చూడగలగాలన్న కరుణతోనే ఆగమం ఉత్సవబేరాన్ని కల్పించింది. ఆ వీధినే మరికొంత దూరం పొడిగించిందే టీవీ తెర. కదలని మూర్తి దగ్గరికి మనిషి వెళ్లాలి, కదిలే మూర్తి మనిషి దగ్గరికి వస్తుంది అన్న పాత విభాగాన్ని చెదరనివ్వకుండా కొత్త యంత్రానికి చోటిచ్చిన ఈ పద్ధతిలో ఎంతో వివేకం ఉంది.

మనిషి దగ్గరికి దిగిరావడం అన్న గుణానికి విశిష్టాద్వైతంలో సౌలభ్యమని పేరు. పరం, వ్యూహం, విభవం, అంతర్యామి, అర్చ అనే భగవంతుని ఐదు స్థితులలో అర్చావతారాన్నే ఆ సంప్రదాయం అన్నిటికంటే సులభమైనదిగా కొనియాడుతుంది, ఎందుకంటే అక్కడ భగవంతుడు భక్తుడు ఇచ్చిన రూపంలో, ఇచ్చిన చోటులో, అతని కళ్లకు అందేంత మేరకు ఒదిగి ఉంటాడు. స్ప్లిటర్ విషయంలో ఇంతకుముందు చెప్పకుండా విడిచిన ఒక వివరం ఇక్కడ పనికివస్తుంది. హెచ్‌డీఎంఐ తీగలో దృశ్యం ఒక వైపే ప్రవహించినా, దానిలోనే ఒక సన్నని దారిలో టీవీ తన శక్తి ఎంతో మూలానికి ముందుగా తెలుపుతుంది. ఈడీఐడీ అని పిలిచే ఆ పత్రం తొలి భాగం 128 బైట్లు మాత్రమే, బైటు అంటే ఎనిమిది బిట్లు. నాలుగు టీవీలలో ఒకటి తక్కువ స్పష్టతను మాత్రమే చూపగలిగేదైతే, అనేక స్ప్లిటర్లు ఆ ఒక్క దానికి తగినట్టుగానే నాలుగింటికీ చిత్రాన్ని పంపమని కంప్యూటరును కోరతాయి. ఖరీదైన టీవీ ఉన్నవారికి ఇది నష్టంగా తోస్తుంది. కాని పందిరిలో చివరి స్తంభం దగ్గర కూర్చున్న ముసలమ్మ ముందున్న పాత టీవీ చీకటిగా ఉండిపోకుండా, అందరూ ఒకే స్పష్టతకు దిగిరావడంలో అన్యాయమేమీ లేదు. సూర్య ప్రతిబింబ సూత్రాలను రామానుజులు వ్యాఖ్యానించిన తీరు కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. ప్రతిబింబం మిథ్య అని చెప్పడానికి కాక, అన్ని చోట్లా నెలకొని ఉండి కూడా ఆ చోట్ల దోషాలు పరమాత్మను అంటవని చెప్పడానికే ఆ పోలిక వచ్చిందని ఆయన అంటారు.

అయినా దర్శనం అన్న మాటలో సగభాగం ఇంకా మిగిలే ఉంది. ఆలయానికి వెళ్లినవారు స్వామిని చూడటమే కాదు, స్వామి దృష్టిలో పడటానికి కూడా వెళతారు. చూడటం, చూడబడటం కలిస్తేనే దర్శనం పూర్తవుతుంది. తీగలోని సన్నని దారి టీవీ సామర్థ్యాన్ని చెబుతుందే గాని, దాని ముందు ఎవరు కూర్చున్నారో, ఎవరి కళ్లలో నీళ్లు తిరిగాయో చెప్పదు. తిరుగు చూపు తీగ వెంట రాదు. ఈ లోటును సంప్రదాయం యంత్రంతో కాక మాటతో పూరించింది. కరోనా కారణంగా ఆలయాల తలుపులు మూసిన 2020లో భద్రాచల కల్యాణం భక్తులు లేకుండా ఆలయంలోనే జరిగింది; అదే ఏడాది తిరుమల దేవస్థానం కల్యాణోత్సవాన్ని ఆన్‌లైన్ సేవగా ప్రారంభించినప్పుడు, గృహస్థులు సంప్రదాయ వస్త్రాలు ధరించి తమ ఇళ్లలో తెర ఎదుట కూర్చుని, అర్చకులు చెప్పినట్టు గోత్రనామాలతో సంకల్పం పలికారు. సంకల్పమంటే ఏ ద్వీపంలో, ఏ నదీతీరాన, ఏ సంవత్సరంలో, ఏ తిథిన, ఎవరు, దేనికోసం ఈ కర్మ చేస్తున్నారో దైవానికి విన్నవించుకోవడం. అద్దంలో చూస్తున్నవారు తామెక్కడున్నారో తామే చెప్పుకున్నారు. ఆ మాటలు భగవంతునికి చేరడానికి కేబులు అవసరమని ఎవరూ అనుకోలేదు, అంతర్యామిని నమ్మేవారు అనుకోనవసరం లేదు కూడా.

ఇక నవమి నాటి పందిరికి తిరిగి వస్తే, అక్కడ మరొక చిక్కు ఎదురవుతుంది. తెలుగు పల్లెల్లో దాదాపు ప్రతి రామాలయంలోనూ అదే రోజు, అదే లగ్నానికి, ఆ ఊరి ఉత్సవమూర్తులకు కల్యాణం జరుగుతుంది. ఒకవైపు భద్రాచలాన్ని చూపే నాలుగు అద్దాలు, మరోవైపు ఊరివారు ప్రతిష్ఠించుకున్న ఒక దీపం. తెరను గర్భగుడి ద్వారం పక్కన బిగించిన చోట జనం కళ్లు సహజంగా కదిలే వెలుగు వైపే పోతాయి, పెద్దక్షేత్రపు అలంకారాలు ఊరి స్వామిని చిన్నబుచ్చుతాయి, చివరికి మూర్తికి వీపు పెట్టి తెరకు దండం పెట్టే పరిస్థితి కూడా వస్తుంది. అద్దానికి దీపం మీద ఇంతటి అధికారం ఏ మతమూ ఇవ్వలేదు. గుడిలోకి చూపు అందని చోట్ల, పందిరి వెలుపలి వరుసల్లో, వంటశాల దగ్గర పానకం కలిపేవారి ఎదుట, నడవలేక అరుగుల మీద కూర్చున్నవారి ముందు టీవీలు ఉంచాలి; అందుకోసం తీగ పది మీటర్లు దాటి, మామూలు హెచ్‌డీఎంఐ కేబులు అంత దూరం సంకేతాన్ని సరిగా మోయలేకపోతే, నెట్‌వర్కు కేబులు మీద దూరం పంపే పరికరాన్ని వాడుకోవచ్చు. వీలైతే చిన్న కంప్యూటరుకు ఒక కెమెరా తగిలించి, కాసేపు భద్రాచలాన్ని, ఊరి పురోహితుడు జీలకర్ర బెల్లం అందుకునే వేళకు ఊరి మూర్తులనే నాలుగు తెరల మీదా చూపవచ్చు. అప్పుడు వంటశాలలో గరిటె పట్టుకున్న చేతులు కూడా ఒక్క క్షణం ఆగి, తమ ఊరి రాముడు నిలిచి ఉన్న దిక్కుకు తిరిగి జోడవుతాయి.